దానియేలు చేలో వజ్రం లేదు

ఈ కథనంలో ఒక ఊరి పేరు ఉండదు. ఆలూరుకు అవతల, ఎర్రనేల మొదలయ్యే చోట ఉన్న చిన్న పల్లె అని మాత్రం చెప్పగలను. ఇంకాస్త వివరంగా రాయొచ్చు కదా అని మీరు అడగొచ్చు. ఒకసారి వివరంగా రాశాను. దాని ఫలితమే ఈ ప్రయాణం.

నేను విజయవాడలో ఒక చిన్న నిజనిర్ధారణ బృందంలో పని చేస్తాను. ఫోన్లలో తిరిగే వార్తల్ని పట్టుకుని, ఇది నిజం, ఇది అబద్ధం, ఇది సగం నిజం అని ముద్ర వేసి వదలడం మా పని. మా ఆయన దీన్ని నిజనిర్దాక్షిణ్యం అంటాడు. కుటుంబం గ్రూపులో ఆయన పెట్టే ఆరోగ్య చిట్కాలకు కూడా నేను ముద్రలు వేస్తుంటానని ఆయన బాధ.

తొలకరి రోజుల్లో ఒక వీడియో వచ్చింది. ఎర్రమట్టి అంటిన అరచెయ్యి, అందులో తళుక్కుమనే రాయి, దాని మీద ఎవరిదో మరబొమ్మ గొంతు: ఆలూరు దగ్గర ఒక రైతు చేలో వజ్రం, ధర కోట్లలో. కర్నూలు జిల్లాలో మొదటి వానలకు చేలల్లో వజ్రాలు వెతకడం కొత్తేమీ కాదు. వానకు పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి. ఎక్కడెక్కడివాళ్లో వచ్చి నడుం వంచి, నేల చూసుకుంటూ తిరుగుతారు. ఎప్పుడో ఒకరికి దొరుకుతుంది కూడా. అందుకే ఈ అబద్ధం గట్టిది. పక్కింట్లోనే నిజం కాపురం ఉంటుంది.

మా దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. వీడియో వెనకాల కనిపించే కొండనో గుడినో చూసి అది ఏ ఊరో చెబుతుంది. మిగతా విషయాల్లో దాన్ని నేనంతగా నమ్మను. ఒకసారి సరదాకి నా ఫోటో పెడితే 'మార్పులు చేసిన చిత్రం' అంది. జుట్టుకు వేసిన రంగు మాట అది అంత సూటిగా చెబుతుందనుకోలేదు. ఈసారి మాత్రం వీడియోలో మసగ్గా ఉన్న చర్చి గంట గోపురాన్ని పట్టుకుని, ఊరునీ, ఊళ్లో చేనునీ తేల్చేసింది. ఊళ్లో వాళ్లకు ఫోన్లు చేసి ఆ చేను రైతును పట్టుకున్నాను. పేరు దానియేలు. తన చేలో ఏమీ దొరకలేదని చెప్పాడు. ఇంకేం కావాలి? 'దానియేలు చేలో వజ్రం లేదు' అని శీర్షిక పెట్టి, ఊరి పేరు వేసి, చేను ఫోటో వేసి, పాఠకుల సౌకర్యార్థం దారి చూపే పటం కూడా జోడించి, పైన ఎర్రగా 'అబద్ధం' అని ముద్ర గుద్దాను.

అప్పటిదాకా జనానికి 'ఆలూరు దగ్గర' అని మాత్రమే తెలుసు. ఎక్కడో తెలియక నానా చేలూ తిరుగుతూ అవస్థ పడుతున్నారు. ఆ అవస్థ నేను తీర్చాను.

కొన్నాళ్లకు దానియేలే ఫోన్ చేశాడు. గొంతులో కోపం లేదు, నన్ను భయపెట్టింది అదే. చేనంతా జనమట. నాలుగెకరాల్లో శెనక్కాయ వేయాలట. విత్తే వాన ఇంకా పడలేదట. పడిందంటే పదును, అంటే విత్తడానికి తగిన తడి, ఉన్న మూడు నాలుగు రోజుల్లోనే విత్తనం నేలలో పడాలి, లేకపోతే ఈ ఏటికి పంట లేదు. అంతా చెప్పి, చివర్లో అన్నాడు:

"మీరు లేదని రాసినారంట కదా మేడం. దాన్ని చూసుకునే వస్తాండారు."

రాయి గురించి రాయి అని పురమాయించిన మా ఎడిటర్ ఇది విని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పోలీసులతో మాట్లాడు, వీడియో తీసినవాణ్ణి వెతుకు, వాడి నోటితోనే అబద్ధమని చెప్పించు అన్నాడు. అలా పుకారు వెంట షికారు బయల్దేరాను.

కర్నూలు: ఏ సెక్షన్?

బస్సు దిగగానే ఉగ్గాని తిన్నాను. నానబెట్టిన బొరుగులకు తాలింపు పెట్టి, పైన పప్పులపొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టి ఇస్తారు. ప్లేటు నలభై. ఉగ్గాని మెత్తగా, అమాయకంగా ఉంటుంది. బజ్జీ అలా కాదు. మా భీమవరం వైపు మిరపకాయను చీరి, గింజలు తీసి, వాము కూరి మరీ నూనెలో వేస్తాం. ఇక్కడ గింజలు తియ్యరా అని బండి ఆయన్ని అడిగాను. "గింజలు తీసేసేదుంటే మిరపకాయ ఎందుకు మేడం, దొండకాయ వేస్తాం గదా" అన్నాడు. కళ్లనీళ్లతోనే ఒప్పుకున్నాను.

ఆ కళ్లతోనే ఒక పోలీసు అధికారి ముందు కూర్చున్నాను. ఏదో పెద్ద కష్టం వచ్చిందనుకుని ఆయన మంచినీళ్లు తెప్పించాడు. మంచి మనిషి. అంతా విని, ముద్దాయి ఎవరని అడిగాడు. వీడియో ఒకరు తీశారు, గొంతు ఒకరు కలిపారు, కోట్లు ఒకరు కలిపారు, పంపినవాళ్లకు లెక్కే లేదు అన్నాను. మరి నేరమేమిటి అని అడిగాడు. మతాల మధ్య గొడవ పెట్టిందా? లేదు. ఎవరి పరువైనా తీసిందా? లేదు. ఎవరినైనా కొట్టమందా? లేదు. వజ్రం దొరికిందని సంతోషం పంచుకుంటే ఏ సెక్షన్ పెట్టాలో మీరే చెప్పండి మేడం అని పుస్తకం నా వైపు తోశాడు. నేను చదివింది తెలుగు సాహిత్యం. వినయంగా వెనక్కి తోశాను.

వీడియో ఉన్న కంపెనీకి నేను పెట్టిన ఫిర్యాదు గురించి చెప్పాను. వాళ్ల ఫారంలో కారణం ఎంచుకోవాలి: అశ్లీలం, హింస, ద్వేషం, మోసం, అరుదైన జంతువుల అమ్మకం. శెనక్కాయ చేను తొక్కిడి అనే గడి లేదు. 'ఇతరాలు' నొక్కితే జవాబొచ్చింది: 'మీరు నివేదించిన విషయం మా సమాజ ప్రమాణములకు వ్యతిరేకముగా వెళ్లుట లేదు.' ఆ తెలుగు చదివాక, ముందు దాని మీద ఫిర్యాదు చెయ్యాలనిపించింది. పైకి ఇంకో అర్జీ పెట్టుకోవచ్చని అధికారి చెప్పాడు. నిబంధన ప్రకారం వాళ్లు గడువులోగా తేల్చాలి. ఆ గడువు ఎంతో వాకబు చేస్తే, పదును ఆరిపోవడానికి పట్టే రోజులకంటే చాలా ఎక్కువని తేలింది. చట్టం తయారుచేసినవాళ్లు మాగాణి రైతులై ఉంటారు.

కనీసం ఇద్దరు కానిస్టేబుళ్లను కాపలా పెట్టమని అడిగాను. ఆయన కాస్త ఇబ్బందిగా కదిలాడు. నిరుడు ఇలాగే ఇంకో చేనుకు ఇద్దర్ని పంపితే, సాయంత్రానికి వాళ్లు కూడా తలలు వంచుకుని నడుస్తున్నారట.

అంతలో ఆయన ఫోన్ మోగింది. అవతల మామగారు. ఆలూరు బస్సు ఎన్ని గంటలకని అడుగుతున్నాడు. అదంతా అబద్ధం మామా అని ఈయన చెప్పాడు. అవతలి గొంతు నాకూ వినిపించింది: "పోలీసోళ్లు అట్లనే చెప్పల్ల లేప్పా. బస్సు యాళ చెప్పు."

రైల్లో నా పటం

మొట్టమొదట ఆ వీడియో పెట్టిన ఖాతాను మా బృందం ముందే పట్టుకుంది. పట్టుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. పేరు 'ఎర్రగుంట్ల ప్రసాద్'. సిమెంటు లారీ ముందు నిలబడిన ఫోటో. అసలు వీడియో ఎప్పుడో తీసేశాడు, మిగిలినవన్నీ దాని పిల్లలూ మనవలూ. ఆ ముత్తాతను పట్టుకోవడానికి నంద్యాల వెళ్లి ఎర్రగుంట్ల రైలెక్కాను.

ఎదురు సీట్లో నాపరాళ్ల వ్యాపారి ఒకాయన. ఎక్కడికి ఏమిటి అన్నీ అడిగి, ఎక్కడిదాకా చదువుకున్నానో కూడా అడిగి, ఆఖరికి ఫోన్ తీసి నాకొక ఉపకారం చేశాడు. ఆలూరు తట్టు వజ్రాలు పడినాయమ్మా, అందరూ దారి తెలీక తిరుగుతాండారు, మా బామ్మర్ది మంచి పటం పంపినాడు చూడు అని చూపించాడు. అది నా పటమే. పై ముద్రనూ, కింది నా వివరణనూ ఎవరో శుభ్రంగా కత్తిరించేశారు. దారి మాత్రం మిగిలింది. ఎవరో శానా శ్రద్ధగా చేసినారు, చేను గట్టుతో సహా ఉండాది అని మెచ్చుకున్నాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా పని గురించి పాఠకుడి నోట నేరుగా విన్న మొదటి మెప్పు అది. థాంక్స్ చెప్పాలో వద్దో తెలియక అరటిపండు ఇచ్చాను.

ఎర్రగుంట్ల: తలుపు సందులో రాయి

ఎర్రగుంట్లలో వేపచెట్లు కూడా పౌడరు రాసుకున్నట్టుంటాయి. సిమెంటు దుమ్ము. లారీల మధ్యలోంచి అడుగుతూ అడుగుతూ ప్రసాద్ ఇల్లు చేరాను. అతని భార్య పార్వతి పొయ్యి మీద సంగటి కెలుకుతోంది. నేనెవరో చెబితే కోపగించుకుంటుందనుకున్నాను. పీట వేసింది.

"ఆయన లేడక్కా. వజ్రాలకు పోయినాడు, ఆలూరు తట్టు."

ఆ వీడియో తీసింది ఆయనే కదా అన్నాను. అవును, ఆయనే అంది. మరి అక్కడ వజ్రం లేదని ఆయనకు తెలియదా అన్నాను. కర్ర ఆపి, పార్వతి నాకు జరిగిందంతా చెప్పింది.

సిమెంటు లోడుతో పోతూ ఉంటే ఆ ఊరి దగ్గర లారీ టైరు పేలింది. ఇంకో టైరు వచ్చేదాకా పొద్దుపోక, ప్రసాద్ చేను గట్టున ఒక పలుగురాయి ఏరి, నీళ్లతో కడిగి, ఎండకు పట్టి, నీకు ముక్కుపుడక తెస్తాండా చూడు అని భార్యకు వీడియో తీసి పంపాడు. బాగా వచ్చిందని తన ఖాతాలో కూడా పెట్టాడు. నాలుగు రోజులకు ఎవరో గొంతు కలిపారు. తర్వాత ఎవరో కోట్లు కలిపారు. ఆ వీడియో ఊళ్లన్నీ తిరిగి, వేషం మార్చుకుని, చివరికి ప్రసాద్ ఫోన్‌కే వచ్చింది. చూసి అతను నెత్తి కొట్టుకున్నాడు. నేను నిలబడిన తావులోనే దొరికిందంట, ఇంగ పది నిమిషాలు వెతికింటే నాకే దొరికేది కదా అని. రెండు రాత్రులు సరిగా బువ్వ తినలేదట. మూడోనాడు సెలవు పెట్టి బస్సెక్కాడు.

ఆ రాయి ఏదని అడిగాను. పార్వతి కర్రతో చూపించింది. గాలికి తలుపు కొట్టుకోకుండా సందులో పెట్టి ఉంది. ఉసిరికాయంత. రాష్ట్రమంతా తిరిగిన ఆ ప్రముఖుణ్ణి చేతిలోకి తీసుకుని చూశాను. తలుపు దభాలున మూసుకుంది.

సంగటి ముద్ద, శెనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. ముద్దను నేను నములుతుంటే ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. సంగటి నమలరట, ఊరిబిండి అద్దుకుని మింగడమేనట. మా గోదావరి వైపు అన్నం నమలకుండా మింగితే పెద్దవాళ్లు తిడతారు. ఇక్కడ నమిలితే నవ్వుతారు. ఆ వీడియోను నమలకుండా మింగి అందరికీ పంపించినవాళ్లను చూసి నేనూ నవ్వుదామనుకున్నాను గానీ, నా పటం గుర్తొచ్చి ఆగాను.

సాయంత్రం వాన మొదలైంది. మాకు వానంటే గొడుగు, బురద, విసుగు. ఇక్కడ వీధిలోని ఇళ్లన్నిటిలోంచీ మనుషులు బయటికొచ్చి తడుస్తూ నిలబడ్డారు. పార్వతి కూడా. ఆలూరు తట్టు కూడా పడతాండాదంట అని ఎవరో ఫోన్ చూసి చెప్పారు. అందరూ సంతోషించారు. నేను మాత్రం వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాను. ఇదే విత్తే వాన. వజ్రాలు తేలే వాన కూడా ఇదే. దానియేలూ, అతని చేలో కూర్చున్న జనమూ ఇన్నాళ్లూ మొక్కుకున్నది ఒకే వాన కోసం.

గుంతకల్లు నుంచి బస్సు

గుంతకల్లులో రైలు దిగి ఆలూరు బస్సెక్కాను. సగం మంది చేతుల్లో జల్లెడలున్నాయి. ముందు సీటాయన ఒడిలో ఒక భూతద్దం, అది పగలకుండా చుట్టిన పసిపిల్ల దుప్పటి. ఆలూరులో ఇంకో బస్సు మారాక, దారి మధ్యలో, నా పటంలో తప్ప ఇంకెక్కడా స్టాపు లేని చోట కండక్టరు గంట కొట్టి, "వజ్రాల చేనోళ్లు దిగండప్పా" అన్నాడు. నేను రాసిన వార్త వల్ల ప్రభుత్వం కదిలిందని ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పుకోలేకపోయాను. ఇప్పుడు బస్సు ఆగింది.

చేను

ఎర్రమట్టి తడికి ఇంకా ఎర్రబడి ఉంది. దూరంగా చర్చి గంట గోపురం, మా సాఫ్ట్‌వేర్ గర్వించేంత స్పష్టంగా. చేను నిండా జనం. అందరూ కూర్చుని ఉన్నారు, అందరూ నేలనే చూస్తున్నారు, ఒక్కరూ మాట్లాడడం లేదు. పరీక్ష హాలులా ఉంది. గట్టు పొడుగునా పట్టాల డేరాలు, పొయ్యిలు, ఆరేసిన చీరలు.

చేను మూలన ఆదోని నుంచి వచ్చిన శెట్టిగారి అంగడి. టీ ఇరవై, ఊళ్లో పదే. జల్లెడ బాడుగ రోజుకు యాభై. బజ్జీలు, గొడుగులు, బ్యాటరీ లైట్లు. రాసింది నేనేనని తెలిసి శెట్టిగారు లేచి దణ్ణం పెట్టాడు. మీ పుణ్యాన మా ఇంట్లో పొయ్యి రెండుసార్లు వెలుగుతాండాదమ్మా అని, దుడ్లు తీసుకోకుండా టీ ఇచ్చాడు. చక్కెర బాగానే వేశాడు. అయినా నా జీవితంలో అంత చేదు టీ తాగలేదు.

దానియేలు నలభై దాటిన మనిషి, సన్నగా, గళ్ల లుంగీతో. నేను క్షమాపణ చెప్పబోతే, "ముందు నీళ్లు తాగండి మేడం" అన్నాడు. అతని భార్య సుగుణమ్మకు అంత మొహమాటం లేదు. మీరు లేదని రాసినదానికే ఇంతమంది వచ్చినారు, ఉండాదని రాసింటే మా ఇల్లు గూడా తవ్వుండేవాళ్లు అంది. చేటలో విత్తనాల గింజలు. అందులోంచి పుచ్చువి ఏరుతోంది, నా వైపు చూడకుండా. నేల రేపటికి గొర్రుకు వస్తుందట, అంటే ఎద్దులకు విత్తే గొర్రు కట్టడానికి తగినంత ఆరుతుందట. ఆ తర్వాత రెండు రోజులు. అంతే.

ప్రసాద్‌ను పట్టుకోవడం తేలికైంది. చేను అంచున, తను టైరు మార్చిన చోటే, మోకాళ్ల మీద ఉన్నాడు. పార్వతి పేరు చెప్పగానే సిగ్గుపడ్డాడు. ఆ రాయి తలుపు సందులో చూశానని చెప్పాను. ఇంకా సిగ్గుపడ్డాడు. కానీ లేవలేదు.

"నా వీడియో అబద్ధమే మేడం, ఒప్పుకుంటా. దాని వెనక వచ్చినవన్నీ నేను తీసినవి కాదు గదా. ఇంతమంది చెప్తాండారంటే ఏదో ఒకటి ఉంటాది."

ఇంతమంది చెప్పేదీ నీ మాటేనయ్యా అన్నాను. ఒక నిమిషం ఆలోచించాడు. ఆలోచిస్తూనే ఇంకో రాయి ఏరాడు.

నేనూ దానియేలూ ఎలాగో బతిమాలి అతణ్ణి చర్చికి తీసుకెళ్లాం. పాస్టరు మైకు ఇచ్చాడు. ఆ వీడియో తీసింది నేనే, అది పలుగురాయి, ఈడ వజ్రం దొరకలేదు అని ప్రసాద్ చేనంతా వినిపించేలా చెప్పాడు. అదంతా నేను ఫోన్‌లో తీశాను. మా ఎడిటర్ కోరుకున్నది సరిగ్గా ఇదే: అబద్ధం పుట్టిన నోటితోనే నిజం. చేలో తలలు ఒకసారి లేచాయి. నా గుండె కూడా లేచింది. అప్పుడొకాయన పక్కాయనతో అన్నాడు: దొరికినోడు ఎవడన్నా దొరికిందని చెప్తాడా? తలలన్నీ మళ్లీ వంగాయి. మార్పు ఒక్కటే. ప్రసాద్ ఎక్కడ కూర్చుంటే అక్కడికి ఓ పదిమంది జల్లెడలతో చేరడం మొదలుపెట్టారు.

జమ్మలమడుగు నుంచి ఏటా వచ్చే ఓబులేసు అనే ముసలాయన మాత్రం తన చోటు మారలేదు. కుర్రతనం నుంచీ తొలకరికి వజ్రాలకు తిరుగుతున్నాడు. ఎప్పుడైనా దొరికిందా అని అడిగాను. "దొరికింటే ఈడెందుకుంటా తల్లీ" అన్నాడు. మరెందుకు వస్తావు అంటే, ఇంట్లో కూర్చుంటే అసలుకే దొరకదు కదా అన్నాడు. ఈ వాదాన్ని ఏ గడిలో వెయ్యాలో నాకు తెలియలేదు.

శెట్టిగారి ఉపాయం

సాయంత్రం దానియేలు అరుగు మీద కూర్చున్నాం. జొన్నరొట్టె, గుత్తివంకాయ కూర. సుగుణమ్మ నా రొట్టె మీద వెన్న వేసింది. కారానికి భయపడతానన్న వార్త నాకంటే ముందే చేరినట్టుంది, దానికి పటం కూడా అక్కర్లేకపోయింది. శెట్టిగారు వచ్చి కూర్చున్నాడు. ఆయనకూ దానియేలు మీద జాలే. వ్యాపారం ఎక్కడైనా వ్యాపారమే, ఈడే ఉండాలని లేదు. అందుకే ఒక ఉపాయం చెప్పాడు. నాలుగు మైళ్ల అవతల ఇంకో చేలో దొరికిందని ఒక వీడియో పెట్టండి. నా అంగడి రాత్రికి రాత్రే ఆడికి మారుస్తా. తెల్లారేసరికి ఈడ ఒక్కరు ఉంటే అడగండి.

ఒప్పుకుంటున్నాను, నా చెయ్యి ఫోన్ మీదికి పోయింది. ఎలాంటి అబద్ధం ఎలా పరిగెడుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? గొంతు ఎలా ఉండాలో, రాయి ఎంతసేపు చూపించాలో, చివర్లో 'అందరికీ పంపండి' ఎక్కడ పెట్టాలో అన్నీ మనసులో కట్టేసుకున్నాను. సుగుణమ్మ కూడా గింజలు ఏరడం ఆపి భర్త వైపు చూసింది.

దానియేలు రొట్టె తుంచుతూ అడిగాడు: "ఆ చేను ఎవురిది?"

ఎవరిదైతే ఏమప్పా అన్నాడు శెట్టిగారు.

"ఎవురిదో ఒకరిది గదా. ఆయప్ప గూడా విత్తల్ల గదా."

నేను ఫోన్ సంచిలో పెట్టేశాను. తెల్లారి గొర్రు కడతానని దానియేలు చెప్పాడు. జనం లేవకపోతే, అని శెట్టిగారు అడిగాడు. కడతా అన్నాడు దానియేలు, ఇంకో ముక్క తుంచుకుంటూ.

గొర్రు

పొద్దున్నే పాస్టరు వచ్చి ప్రార్థన చేశాడు. ఎద్దులు పక్కింటాయనవి, ఆయన టెంకాయ కొట్టాడు. రెండూ అయ్యాక దానియేలు గొర్రు పట్టాడు. సుగుణమ్మ కొంగున విత్తనాలు కట్టుకుని వెనక నడిచింది. నేను గట్టు మీద నిలబడి గొడవ ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తున్నాను. పోలీసు అధికారి నంబరు వేలి కింద సిద్ధంగా ఉంచుకున్నాను, సెక్షన్ మాత్రం ఇంకా సిద్ధంగా లేదు.

ఎద్దులు వస్తున్నాయని ఎవరూ చూడలేదు. నేల తప్ప ఇంకేమీ చూడని జనం కదా. వాళ్లకు ముందు గిట్టలు కనిపించాయి, తర్వాత ఎద్దులు, ఆ తర్వాత దానియేలు. గొర్రు గీసిన మొదటి సాలు చేను అంచున ప్రసాద్ ముందు ఆగింది. అతని చుట్టూ కూర్చున్న పదిమందీ కదల్లేదు. దానియేలు పగ్గం లాగి పట్టాడు. ఎద్దు ఒకటి ముక్కుతో గాలి వదిలింది.

ఓబులేసు లేచాడు. మోకాళ్లు పట్టుకుని, నింపాదిగా. తన గోనెసంచి దులుపుకుని గట్టు వైపు నడుస్తూ, ఎవరితోనూ కాదన్నట్టు అన్నాడు: "లేయండప్పా. ఇత్తనం పడిన సాలు తొక్కినోని కంటికి ఇంగ రాయి కనపడదు."

పదిమందీ తలలెత్తారు. ఎవురు చెప్పినారు అన్నారు. మా నాయన అన్నాడు ఓబులేసు. ప్రసాద్ దానియేలు వైపు తిరిగాడు. చేలో చాలామంది తిరిగారు.

"నిజమా అన్నా?"

ఒక్క అవును చాలు. సుగుణమ్మ చేతిలో గింజలు అలాగే ఉన్నాయి. నేను మనసులో ఆ అవునును నా నాలికతోనే తోస్తున్నాను. దానియేలు చేతికంటిన మట్టి లుంగీకి తుడుచుకున్నాడు.

"నాకు తెలీదప్పా," అన్నాడు. "మా నాయన తొక్కలేదు, నేను తొక్కలేదు. తొక్కితే ఏమయితాదో చూసినోళ్లు లేరు."

ప్రసాద్ లేచాడు. చెప్పులు చేతిలోకి తీసుకుని, పడబోయే సాలు మీద కాలు పడకుండా పెద్ద అంగ వేసి గట్టెక్కాడు. వెనకే పదిమంది. గొర్రు కదిలింది. ఒక సాలు పడితే ఒక వరస జనం లేచి అవతలికి జరిగారు. ఇంకో సాలు, ఇంకో వరస. మధ్యాహ్నానికి జనమంతా గట్టు మీద ఉన్నారు, చేనంతా గీతలు. కొత్తగా బస్సు దిగిన ఒకాయన జల్లెడతో నేరుగా చేలోకి రాబోతే పాతికమంది ఒకేసారి కేకలేశారు. ఆయన ఒంటికాలి మీద ఆగిపోయాడు. ఇంత చక్కగా అమలైన నిబంధన నేనింతవరకు చూడలేదు. దానికి అధికారి లేడు, ఫారం లేదు, గడువూ లేదు.

అందులో నన్ను ఇప్పటికీ గిల్లేది ఒకటి ఉంది. నా 'లేదు' చదివి పరిగెత్తుకొచ్చినవాళ్లు, అతని 'తెలీదు' విని ఆగిపోయారు.

శెట్టిగారు సాయంత్రం టీ పది చేశాడు. మర్నాడు అంగడి సర్దుకుని ఆదోని వెళ్లిపోయాడు. ఓబులేసు ఎటు పోయాడో చూడలేదు, తల వంచుకునే పోయి ఉంటాడు. సుగుణమ్మ నాకొక సంచి నిండా పుచ్చు ఏరేసిన మంచి గింజలు ఇచ్చి, మీ ఊళ్లో వేసి చూడండి, మొలిస్తే రాయొద్దు అంది.

తిరిగొచ్చాక

విజయవాడ వచ్చిన వారానికి ప్రసాద్ ఇంకో వీడియో పెట్టాడు. గొర్రు వెళ్తోంది, ఓబులేసు మాటలు ప్రసాద్ గొంతులో, వెనక ఉరుముల చప్పుడు: విత్తనం తొక్కితే వజ్రం కనపడదు, అందరికీ పంపండి. ఇది నిజంగానే అందరికీ పోయింది. తుగ్గలి వైపు, పత్తికొండ వైపు, ఎక్కడెక్కడి గట్ల మీదో జనం ఆగిపోయి నిలబడ్డారని ఫోన్లు వచ్చాయి. విత్తనాలు పడుతున్నాయట. కర్నూలు అధికారి మామగారు కూడా గట్టు మీంచే చూసి వెనక్కి వచ్చాడట.

పాఠకుల నుంచి మాకు వరసగా ఒకటే ప్రశ్న: ఇది నిజమా, అబద్ధమా, తేల్చండి. మా ఎడిటర్ ఆ పని నాకే ఇచ్చాడు. ప్రాంతం తెలిసినదాన్ని కదా. తేల్చడానికి నాకు పావుగంట పట్టదు. ఎర్రరంగు ముద్ర చేతికందేంత దూరంలోనే ఉంటుంది.

మొన్న దానియేలు ఫోన్ చేశాడు. మొలకలు లేచాయట, సాలు సాలుకూ సమంగా ఉన్నాయట. నేను తెచ్చిన గింజలు కూడా కుండీలో రెండాకులు వేశాయని చెప్పాను. అది మాత్రం ఎక్కడా రాయలేదని కూడా చెప్పాను.

ఎడిటర్ రోజూ పొద్దున్నే అడుగుతున్నాడు, ఆ వజ్రం సంగతి ఎందాకా వచ్చిందని. ఇలాంటివి తేల్చడానికి మనకూ గడువంటూ ఉంటుంది కదండీ అంటున్నాను. శెనక్కాయ పీకేది ఎప్పుడో దానియేలును అడిగి రాసిపెట్టుకున్నాను. అప్పటిదాకా మా వెబ్‌సైటులో ఆ ప్రశ్న పక్కన ఒకే మాట ఉంటుంది: పరిశీలనలో ఉంది.